ఫర్ అంటే దేనికి ఫర్?

2024 మార్చి 5, మంగళవారం. పొద్దున ఏడున్నరకల్లా వెళ్లి ప్రైమరీలో, అంటే పార్టీల అభ్యర్థుల్ని ఎంచే ఎన్నికలో, ఓటేసి వచ్చాను. మా బూత్ దగ్గర్లోని ఎలిమెంటరీ స్కూలు జిమ్‌లో పెడతారు. బాస్కెట్‌బాల్ హూప్ కింద టేబుళ్లు, వాటి మీద పెన్నులు, చివర్లో స్టిక్కర్ల చుట్ట పట్టుకుని ఒక పెద్దాయన. ఈసారి ఫోటో ఐడీ చూపించాలి. నాకు పార్టీ లేదు కాబట్టి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగారు. చెప్పాను, ఇచ్చారు, గుండ్రాలు నింపాను, మెషీన్‌లోకి తోశాను. మొత్తం ఆరు నిమిషాలు పట్టిందేమో.

రాత్రికి ఫలితాలు వచ్చేశాయి. నార్త్ కరోలినా గవర్నర్ పదవికి రిపబ్లికన్ల తరఫున మార్క్ రాబిన్‌సన్ దాదాపు 65 శాతంతో, డెమొక్రాట్ల తరఫున జోష్ స్టైన్ దాదాపు 70 శాతంతో గెలిచారు. ఇద్దరూ గెలుస్తారని అందరికీ ముందే తెలుసు. రాబిన్‌సన్ 2021లో ఒక చర్చిలో మాట్లాడుతూ, పిల్లలకి స్వలింగ సంపర్కం గురించీ ట్రాన్స్‌జెండర్ల గురించీ చెప్పడం మీద విరుచుకుపడి, ఆ విషయాలన్నిటినీ కలిపి ‘మురికి’ అన్నాడు. ఆ వీడియో ఇక్కడ చూడనివాళ్లు తక్కువ. చూసి కూడా వేసినవాళ్లు చాలామంది, బహుశా చూసే వేసినవాళ్లూ కొందరు.

నాకు మాత్రం ఆ రాత్రంతా వేరే ప్రైమరీ గుర్తొచ్చింది. 2012 మే 8.

అప్పటికి నేనింకా గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాను, ఓటు లేదు. మా పెదనాన్న కొడుకు, నాకు అన్నయ్య, అప్పటికే సిటిజన్. ఆ రోజు వాడి కారు సర్వీసింగ్‌లో ఉంటే బూత్ దాకా నేనే తీసుకెళ్లాను. వాడు లోపలికి వెళ్లాక పార్కింగ్‌లో కూచుని గడ్డిలో గుచ్చిన బోర్డులు చదువుతూ గడిపాను. ఒక వైపు ‘వోట్ ఫర్ మ్యారేజ్’ అని. ఇంకో వైపు ‘వోట్ అగైన్‌స్ట్ అమెండ్‌మెంట్ వన్’ అని.

వాడు చొక్కాకి స్టిక్కర్ అంటించుకుని బయటికొచ్చాడు. కారు రోడ్డెక్కాక అడిగాను, ఆ సవరణకి ఏం వేశావని.

“ఆ పెళ్లిదా? ఫర్ వేశా.”

“ఎందుకు?”

“ఎందుకేంట్రా? పెళ్లికి అగైన్‌స్ట్ అని ఎవడైనా వేస్తాడా?”

నాకు నవ్వాగలేదు. ఫర్ అంటే దేనికి ఫరో విడమర్చి చెప్పాను. ఒక మగ, ఒక ఆడ కలిసి చేసుకునే పెళ్లి తప్ప ఇంకే బంధాన్నీ ఈ రాష్ట్రం గుర్తించకూడదని రాజ్యాంగంలోనే రాయడానికి ఫర్. గే పెళ్లే కాదు, పెళ్లి అనకుండా జంటకి చట్టపరమైన గుర్తింపునిచ్చే సివిల్ యూనియన్ కూడా ఉండదు. వాడు రెండు సిగ్నళ్ల దాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “తెలిసుంటే మాత్రం ఏం చేసేవాణ్ణి? అదే వేసేవాణ్ణేమో.”

పన్నెండేళ్లుగా ఈ విషయం మీద నాతో నేను చేసుకుంటున్న వాదన అంతా ఆ రెండు మాటల మధ్యే తిరుగుతోంది.

తారీఖు మీద తగువు

ఫలితం మీకు గుర్తుండే ఉంటుంది. 61 శాతం ఫర్, 39 శాతం అగైన్‌స్ట్. అంకెల్లో సుమారు 13 లక్షల 17 వేల ఓట్లు ఒకవైపు, 8 లక్షల 40 వేలు ఇంకోవైపు. రాష్ట్రంలో 100 కౌంటీలుంటే అగైన్‌స్ట్ నెగ్గినవి ఎనిమిదే. మా వేక్ అందులో ఒకటి. పక్కనున్న డర్హమ్, ఆరెంజ్ కూడా. మన తెలుగువాళ్లు గుంపుగా ఉండే కేరీ, మోరిస్‌విల్ ఈ ఎనిమిదిలోకే వస్తాయి. అందుకే మాకు ఆ రాత్రి టీవీలో మ్యాప్ చూసినప్పుడు ఇది మేముండే రాష్ట్రమేనా అనిపించింది.

మొదట నేను పట్టుకున్న వాదన తారీఖు. అసలు ప్రైమరీలో ఎందుకు పెట్టారు? ఆ ఏడాది డెమొక్రాట్లకి అధ్యక్ష పదవికి పోటీ లేదు, ఒబామా ఒక్కడే. (అయినా డెమొక్రాటిక్ ఓటర్లలో అయిదో వంతు మంది ‘నో ప్రిఫరెన్స్’ గుండ్రాన్ని నింపారు. అది వేరే కథ.) రిపబ్లికన్ల పోటీలో శాంటోరమ్ ఏప్రిల్‌లోనే తప్పుకున్నాడు, రామ్నీ ఖాయం. మామూలు జనం ప్రైమరీకి రారు. ఆ రోజు ఓటింగ్ 35 శాతం దాకా వచ్చిందంటే అది ప్రైమరీకి చాలా ఎక్కువే. అదే నవంబర్‌లో 68 శాతం పైన వచ్చింది. 35లో 61 శాతం అంటే నమోదైన ఓటర్లలో అయిదో వంతు. అయిదో వంతు మంది కలిసి రాజ్యాంగం మార్చేశారు!

ఈ లెక్క నేను చాలామందికి చెప్పాను. చెప్పినకొద్దీ దాని మీద నాకే నమ్మకం తగ్గింది. నవంబర్‌లో పెట్టి ఉంటే ఓడిపోయేదా? 55 వచ్చేదేమో, గెలిచేది మాత్రం గెలిచేదే. నవంబర్‌లో ఇదే రాష్ట్రం రిపబ్లికన్ ప్యాట్ మెక్‌క్రోరీని పెద్ద మెజారిటీతో గవర్నర్ని చేసింది. తారీఖు గురించి గొణగడం, ఓడిన క్రికెట్ మ్యాచ్‌లో టాస్ గురించి మాట్లాడటం లాంటిది.

రెండోది, జనానికి అర్థం కాలేదు అనే వాదన. దీనికి ఆధారం ఉంది. మా రాజధాని రాలీలోనే ఉన్న పబ్లిక్ పాలసీ పోలింగ్ వాళ్ల సర్వేల్లో సగం మందికి పైగా ఏదో ఒక చట్టపరమైన గుర్తింపు ఉండాలనే అన్నారు, పెళ్లి కాకపోతే సివిల్ యూనియన్ అయినా. అదే జనం సవరణకి ఫర్ అంటున్నారు. అంటే చాలామందికి తాము దేనికి వేస్తున్నారో తెలియదన్నమాట. అనుకూలంగా ప్రచారం చేసిన సంస్థ పేరే ‘వోట్ ఫర్ మ్యారేజ్ ఎన్‌సీ’. మా అన్నయ్య ఎంటెక్ చేసినవాడు, వాడే పొరపాటు పడ్డాడంటే చూసుకోండి.

కానీ వాడి రెండో మాట ఉంది కదా. తెలిసుంటే కూడా అదే వేసేవాణ్ణేమో. ఎదుటివాడు నాకు నచ్చని ఓటు వేస్తే వాడికి అర్థం కాలేదనుకోవడం నాకు హాయిగా ఉంటుంది, అంతే. వాడికి అర్థమయ్యే ఉండొచ్చు.

పైగా ఆ రోజుకి అమెరికా అధ్యక్షుడి మాటే స్థిరంగా లేదు. ఒబామా ఈ సవరణ వద్దన్నాడు గానీ, స్వలింగ వివాహానికి నేను అనుకూలం అని టీవీలో నోరు తెరిచి చెప్పింది మే 9న. అంటే మా ఓటింగ్ అయిన మర్నాడు! అంతకు రెండు మూడు రోజుల ముందు ఉపాధ్యక్షుడు బైడెన్ అదే మాట నోరు జారకపోయి ఉంటే అప్పుడైనా చెప్పేవాడో లేదో. మే 8 సాయంత్రానికి దేశాధ్యక్షుడే తేల్చుకోలేని విషయం మీద మా అన్నయ్యని వెనకబడిన మనిషి అని నేనెలా అనగలను?

స్టిక్కర్లు

మా టీమ్‌లో అప్పుడు ఒకావిడ ఉండేది. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, టెస్టింగ్ లీడ్. ఇరవై ఏళ్లుగా ఇంకొకావిడతో కలిసి ఉంటోంది, ఆఫీసులో అందరికీ తెలుసు. మే 8న మధ్యాహ్నానికల్లా ఆఫీసులో సగం మంది చొక్కాల మీద ‘ఐ ఓటెడ్’ స్టిక్కర్లు. క్యాంటీన్‌లో నా ఎదురుగా కూచుని ఆవిడ సూప్ తాగుతూ వచ్చేపోయేవాళ్ల ఛాతీల వైపు చూస్తోంది. ఏంటని అడిగితే నవ్వి, “ఎటు వేశారో కూడా రాసుంటే బాగుండేది” అంది.

మర్నాడు పొద్దున మీటింగ్‌లో రాత్రి బిల్డ్ ఫెయిలైన సంగతి చెప్పి, ఎవరు సరిచేయాలో చెప్పి కూచుంది. నేను తర్వాత ఆవిడ డెస్క్ దగ్గరికెళ్లి సారీ అన్నాను. “నీకు ఓటు లేదు కదా, నువ్వెందుకు సారీ?” అంది. ఆవిడ మామూలుగానే అంది, నాకే ఎక్కడో గుచ్చుకుంది. ఓటు లేనివాడిగా ఆ రోజు నాకు సుఖంగా ఉన్న మాట నిజం. ఎటూ తేల్చుకోనక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు.

ఈ కథలో అందరూ మర్చిపోయే సంగతి ఇంకొకటి ఉంది. అప్పటికి ఆ రాష్ట్రంలో స్వలింగ వివాహం చట్టబద్ధమేమీ కాదు. 1996 నుంచే నిషేధిస్తూ చట్టం ఉంది. ఓటింగ్ జరిగినా జరగకపోయినా మే 9న ఆవిడ పరిస్థితి ఒకటే. మరి దేనికోసం ఇంత హడావుడి? చట్టాన్ని రేపు ఇంకో శాసనసభ మామూలు మెజారిటీతో మార్చేయగలదు. రాజ్యాంగంలో రాస్తే అలా కుదరదు. రెండు సభల్లోనూ అయిదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి, మళ్లీ జనం ఓటు వేయాలి. వేసిన తాళం మీద ఇంకో తాళం అన్నమాట, రేపు ఇంట్లో ఉండబోయేవాళ్లు తీయకుండా.

ఇది తాళమేనని తాళం వేసినవాళ్లకీ తెలుసు. ఆ సవరణని సభలో ముందుకు తీసుకెళ్లిన స్పీకర్ థామ్ టిల్లిస్, ఓటింగ్‌కి ముందు ఒక యూనివర్సిటీలో విద్యార్థులతో మాట్లాడుతూ, ఇది తరాల తేడా అనీ, గెలిచినా ఇరవై ఏళ్లలో రద్దయిపోతుందనే అనుకుంటున్నాననీ అన్నాడు. ఆ మాట చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు మాత్రం ఈ గొడవలో నిజం చెప్పింది ఆయనే అనిపిస్తుంది. మీరు పెద్దయ్యాక ఒప్పుకోరని తెలుసు, అందుకే మీరు పెద్దయ్యేలోపే రాసేస్తున్నాం. దాని అర్థం అదే కదా?

నా అభిప్రాయం చివరికి వచ్చి ఆగింది ఇక్కడే. జనాన్ని అడగడం తప్పు కాదు. రేపటి జనాన్ని అడగనక్కర్లేకుండా చేయడానికి ఇవాళ్టి జనాన్ని అడగడం తప్పు.

మా ఇంట్లో ఓటింగ్

పెళ్లిని ఓటింగ్‌కి పెట్టడం అమెరికావాళ్లకి కొత్తేమో గానీ మనకి కాదు. 1998లో తెనాలిలో మా అక్క పెళ్లి మీద మా ముందుగదిలో మూడు ఆదివారాలు ఓటింగ్ జరిగింది. బావ క్రిస్టియన్. పెదనాన్న పడక కుర్చీలో, బాబాయిలు మంచం మీద, మేనమామ గుమ్మంలో. అమ్మ విడతలు విడతలుగా కాఫీ ఇస్తూనే ఉంది. అందులో తమాషా ఏంటంటే ఎవరి ఓటు వాళ్లు వేయరు. “నాకేం అభ్యంతరం లేదు, అన్నయ్య ఏమంటాడో.” “నాదేముంది, రేపు మన ఆడపిల్లలకి సంబంధాలు రావాలి కదా, ఆ వియ్యాలవాళ్లు ఏమంటారో.” అందరూ ఆ గదిలో లేనివాళ్ల తరఫున మాట్లాడారు. వంటింట్లో ఉన్న అక్కని మాత్రం ఎవరూ పిలవలేదు.

ఓడిపోయింది. ఏకగ్రీవంగా.

అక్క, బావ స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద దరఖాస్తు పెట్టుకున్నారు. 1954 నాటి చట్టం, ముప్పై రోజుల నోటీసు, ఆఫీసులో అందరికీ కనపడేలా అంటించాలి. అంటించారు. నాలుగో రోజుకే ఎవరో చూసి నాన్నకి ఫోన్ చేశారు. ఆ ముప్పై రోజులు మా ఇంట్లో ఎలా గడిచాయో రాయను. ముప్పై ఒకటో రోజున ముగ్గురు సాక్షులతో సంతకాలు అయిపోయాయి. సాక్షుల్లో మా వాళ్లెవరూ లేరు.

2011లో అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి పెదనాన్న వచ్చాడు. ముందు వరసలో కూచున్నాడు. పులిహోరలో పులుపు చాల్లేదని విసుక్కున్నాడు. పెదనాన్న విసుక్కున్నాడంటే అది సొంత ఇల్లని అర్థం.

నాకు దీన్ని ఒక పాఠంలా చెప్పాలనే ఆశ ఎప్పుడూ ఉంటుంది: ముందు చట్టం దారిస్తే మనుషులు వెనక నడిచి వస్తారు, ఓటింగ్ కోసం ఆగి ఉంటే అక్కకి పెళ్లే అయ్యేది కాదు అని. కానీ అదే చట్టం ఉన్న దేశంలోనే 2018లో మిర్యాలగూడలో ప్రణయ్‌కి ఏం జరిగిందో మనందరికీ తెలుసు. సంతకాలు అన్ని గుమ్మాల్నీ తెరవవు. మా పెదనాన్న రావడానికి కారణం చట్టమా, పదమూడేళ్లా, మనవరాలా, నాకు తెలియదు.

ఐర్లాండ్ ఇరకాటం

2014లో మా తాళం కోర్టులో పగిలింది. జులైలో, మా రాష్ట్రం కూడా ఎవరి పరిధిలోకి వస్తుందో ఆ నాలుగో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు వర్జీనియాలోని ఇలాంటి నిషేధాన్నే కొట్టేసింది. సుప్రీంకోర్టు అక్టోబర్ 6న ఆ అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. అక్టోబర్ 10, శుక్రవారం సాయంత్రం, జడ్జి మ్యాక్స్ కాగ్‌బర్న్ నార్త్ కరోలినా నిషేధం చెల్లదని తీర్పిచ్చాడు. సోమవారం మా టెస్టింగ్ లీడ్ రెండు డబ్బాల డోనట్స్ తెచ్చింది. అందరూ తీసుకున్నారు. స్టిక్కర్లు పెట్టుకున్నవాళ్లు కూడా.

మరుసటి ఏడాది జూన్ 26న సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు నలుగురు ఒకవైపు తేడాతో దేశమంతటికీ అదే చెప్పింది. అప్పుడు అన్నయ్య ఫోన్ చేసి ఒక ప్రశ్న అడిగాడు: “పదమూడు లక్షల మంది వేసిన ఓటు అయిదుగురు కొట్టేయొచ్చా?” నేను హక్కుల గురించి, ఓటుతో తీసేయకూడని వాటి గురించి పావుగంట మాట్లాడాను. వాడు విని, “సరే, మొన్న నెలలో ఐర్లాండ్‌లో జనమే ఓటేసి గే పెళ్లి ఒప్పుకున్నారని నువ్వే కదా గ్రూపులో పెట్టావు? అప్పుడు జనం ఓటు గొప్పదని రాశావు” అన్నాడు.

దొరికిపోయాను. ఐర్లాండ్‌లో 2015 మే 22న 62 శాతం అవునన్నారు. మా దగ్గర 61 శాతం కాదన్నారు. నాకు నచ్చిన 62 ప్రజాస్వామ్యం, నచ్చని 61 మెజారిటీ దౌర్జన్యం అంటే వాడు నవ్వడా మరి?

ఆ ఫోన్ పెట్టేశాక చాలాకాలం ఆలోచించాను. చివరికి నాకు దొరికిన తేడా తాళమే. ఐర్లాండ్ రాజ్యాంగాన్ని మార్చాలంటే జనం ఓటు తప్ప వేరే దారి లేదు, అక్కడ అడిగింది తలుపు తీయడానికి. మా దగ్గర అడిగింది ఉన్న తలుపుకి ఇంకో తాళం వేయడానికి. నెవాడా 2020లో తన పాత నిషేధాన్ని జనం ఓటుతోనే తీసేసింది, అక్కడా 62 శాతమే. మెయిన్ రాష్ట్రం 2009లో వద్దంది, 2012 నవంబర్‌లో కావాలంది. అడగొచ్చు, మళ్లీ అడగొచ్చు. మళ్లీ అడగడానికి వీల్లేకుండా చేయకూడదు.

వాడికి ఇది చెప్తే “లాయర్లా మాట్లాడుతున్నావు” అన్నాడు. కావచ్చు. కోర్టులో గెలిచిన దాంట్లో నాకూ ఒక లోటు కనపడుతుంది. డోనట్స్ అందరూ తిన్నారు గానీ ఆ 61 శాతంలో ఒక్కరైనా తమ ఓటు మార్చుకున్నారో లేదో ఎవరూ అడగలేదు. అడిగే అవసరమే లేకుండా పోయింది. ఆవిడ చేతికి కాగితం వచ్చింది, అక్షింతలు వచ్చాయా?

ఆ వాక్యం ఇంకా అక్కడే ఉంది

నార్త్ కరోలినా రాజ్యాంగం తెరిస్తే పద్నాలుగో అధికరణం ఆరో సెక్షన్‌లో 2012 నాటి వాక్యం అలాగే ఉంటుంది. చెల్లదు, అయినా ఉంది. 1875లో కూడా ఇదే రాష్ట్రం తన రాజ్యాంగంలో తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ మధ్య పెళ్లి, మూడో తరం వారసుల దాకా, ‘శాశ్వతంగా’ నిషిద్ధం అని రాసుకుంది. ఆ శాశ్వతం 1967లో సుప్రీంకోర్టు లవింగ్ తీర్పు దాకా నడిచింది. అక్షరాలు పోవడానికి 1971లో కొత్త రాజ్యాంగం రావాల్సి వచ్చింది. 2012లో విలియం బార్బర్ లాంటి నల్లజాతి పాస్టర్లు ఈ సవరణని ఎదిరించడం వెనక ఆ పాత వాక్యం జ్ఞాపకం ఉంది. సవరణకి అనుకూలంగా నిలబడిన నల్లజాతి పాస్టర్లూ చాలామంది ఉన్నారు, అదీ చెప్పాలి.

చచ్చిన వాక్యమే కదా, ఉంటే ఏం అనొచ్చు. 2022లో అబార్షన్ తీర్పులో జస్టిస్ థామస్ 2015 నాటి తీర్పునీ తిరగదోడాలని రాశాక అలా అనలేకపోతున్నాను. ఆ ఏడాది డిసెంబర్‌లో కాంగ్రెస్ చేసిన చట్టం వేరే రాష్ట్రంలో జరిగిన పెళ్లిని గుర్తించమంటుందే గానీ, మీ రాష్ట్రంలో లైసెన్సు ఇచ్చి తీరమని అనదు. ఆ తీర్పు పోయిన రోజున పాత తాళం తనంతట తనే పడుతుంది. కాలిఫోర్నియావాళ్లు అందుకే 2008 నాటి తమ నిషేధ వాక్యాన్ని 2024 నవంబర్‌లో ఓటు వేసి తీసేశారు.

2023 అక్టోబర్ 17న స్వలింగ వివాహాల మీద మన సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు అన్నయ్య మళ్లీ గ్రూపులో పెట్టాడు. కేసు వేసింది హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ జంట. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని అయిదుగురు జడ్జీలూ అన్నారు. సివిల్ యూనియన్ అయినా ఇవ్వాలన్న మాట ఇద్దరిదే అయింది, ముగ్గురు కాదన్నారు. ఏం చేసినా పార్లమెంటే చేయాలన్నారు. “చూశావా, మన కోర్టు జనం ప్రతినిధులకే వదిలేసింది” అని రాశాడు.

నాకు ఆ తీర్పు నచ్చలేదు. పార్లమెంటు ఈ విషయం ఎప్పుడు ముట్టుకుంటుందో ఊహించలేను, అప్పటిదాకా ఆ ఇద్దరూ ఆసుపత్రిలో సంతకం పెట్టాలన్నా ప్రతి కౌంటర్ దగ్గరా వివరణ ఇచ్చుకోవాలి. కానీ వాడికి జవాబు రాస్తూ ఒకటి గమనించాను. అక్కడ తలుపు మూసి ఉంది, తాళం లేదు. రాజ్యాంగంలో ఎవరూ ఏమీ రాయలేదు. రేపు పార్లమెంటు మామూలు మెజారిటీతో తెరవొచ్చు. ఈ ఒక్క విషయంలో తెనాలి కంటే కేరీ ముందుందని నేను ఇన్నాళ్లూ అనుకున్నది తప్పేమో.

అది రాస్తే అన్నయ్య బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టాడు. ఒప్పుకున్నాడో, విసిగిపోయాడో.

మా టెస్టింగ్ లీడ్ రిటైరై కొండల్లో, యాష్‌విల్ పక్కన ఇల్లు కొనుక్కుంది. అది కూడా ఆ ఎనిమిది కౌంటీల్లోదే, బంకోంబ్. ఇద్దరూ బాగానే ఉన్నారు. మార్చి 5న బూత్ బయట నిలబడి చొక్కా మీద స్టిక్కర్ ఫోటో తీసి ఆవిడకి పంపాను. అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది. ఎటు వేశానని అడగలేదు. లైన్ ఎంతుందని అడిగింది.

ఇద్దరే ఉన్నారని చెప్పాను.